తాత టోపీ మీది బిళ్ళ ఆంజనేయస్వామేనా? పాత మిలిటరీ ఫోటో చూసి చెప్పగలరా

గుడిపాల టీచర్:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు పక్కన గుడిపాల మండలం. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా నాయనకు 79 ఏళ్ళు. పోయిన నెల రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయింది. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం నడవలో కుర్చీ వేసుకుని గోడ మీది తాత పటాన్నే చూస్తా కూర్చున్నాడు. చాలాసేపటికి నన్ను పిలిచి, "అమ్మా, మా నాయన టోపీ మీద ఉండే ఆ బిళ్ళలో బొమ్మ ఏందో సరిగ్గా చూసి చెప్పు. కన్ను బాగైనా నాకు తెలియడం లేదు" అన్నాడు.

చూశాను. నాకూ తెలియలేదు. కారణం, సరిగ్గా ఆ బిళ్ళ ఉన్న చోట గాజు మీద సిందూరం గట్టిపడిపోయి ఉంది. అది మా అవ్వ పెట్టిన బొట్టు. ఆ బిళ్ళ మీద ఉండేది అరగొండ ఆంజనేయస్వామి అని ఆమె నమ్మకం. సంజీవని కొండ ఎత్తుకుపోతుంటే సగం విరిగి మా అరగొండలో పడిందని ఈ పక్క చిన్నపిల్లలు కూడా చెప్తారు కదా. చెయ్యి పైకెత్తి, కాలు వెనక్కి విసిరి ఎగురుతున్నట్టుండే బొమ్మ కాబట్టి అది స్వామే అనుకుంది. తాత యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చింది ఆ బిళ్ళ వల్లేనని ప్రతి శనివారం పటానికి బొట్టు పెట్టేది. ఆమె పోయి 20 ఏళ్ళు దాటింది. బొట్టు అలాగే ఉంది.

మా చిన్నాయన మాట వేరు. మద్రాసు రెజిమెంటుకు ఏనుగు గుర్తు, మన పక్క నుంచి పోయినోళ్ళంతా అందులోనే చేరినారు, అది తొండం ఎత్తిన ఏనుగే అంటాడు.

ఫోటోలో మిగతావి చెప్తాను. తాత నిలబడి కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. పడవ ఆకారంలో గుడ్డ టోపీ, కుడి చెవి మీదికి వాలి ఉంది. చేతి మీద రెండు పట్టీలు. ఎడమ జేబు పైన రెండు చిన్న రిబ్బన్లు పక్కపక్కన. భుజం కింద నల్ల చదరం లాంటి గుడ్డ ముక్క. అట్ట మీద స్టూడియో పేరు చెదిరిపోయి "వేలూరు" అనే మాట మాత్రం తెలుస్తోంది. కాగితాలు ఏవీ లేవు, మిద్దె కారి ట్రంకు పెట్టెతో సహా చెదలు పట్టాయి. పతకాలను పాత ఇత్తడి కింద ఇచ్చి బిందె కొన్నారంట. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తాత 1971లో పోయాడు. బర్మాలో ఉన్నానని తప్ప ఇంకేమీ చెప్పేవాడు కాదంట. ఫోన్లో ఒక యాప్‌తో క్లియర్ చేస్తే బిళ్ళ తామరపువ్వులా వచ్చింది. అది నిజమా?

కొర్లగుంట_87:

మేడం, మీరు చెప్పినదాన్ని బట్టి ఏనుగు మాత్రం కాదనిపిస్తోంది. మద్రాసు రెజిమెంటు బిళ్ళలో ఏనుగు నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, ఎగరదు. ఆ గుర్తు 1803లో జరిగిన అస్సయే యుద్ధం నుంచి వచ్చింది. ఇంకో మాట, ఆ రెజిమెంటును 1920లలో రద్దు చేసి, రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ నిలబెట్టారు. కాబట్టి మన జిల్లావాళ్ళంతా అందులోనే అనడానికి లేదు. సాపర్స్ (ఇంజనీరింగ్ దళం), పయనీర్స్ (దారులు వేసే కూలి పని దళం), సర్వీస్ కోర్ (సరుకులు అందించే దళం), మెడికల్, ఇలా చాలా చోట్ల చేరారు.

బొమ్మ చేతిలో కర్రలాంటిది ఏమైనా ఉందా? దానికి పాము చుట్టుకుని ఉంటే మెడికల్ కోర్ అయి ఉండొచ్చు. మా మేనమామ అందులో పనిచేశాడు, ఆయన బిళ్ళ మా ఇంట్లో ఉంది.

గాంధీరోడ్డు స్టూడియో:

మేడం, తిరుపతిలో మా తాత కాలం నుంచి మాది ఫోటో స్టూడియో. పాత పటాలు బాగు చేయడమే నా పని. మొట్టమొదట ఆ యాప్ ఇచ్చిన బొమ్మను డిలీట్ చేసేయండి. ఫోటోలో లేని గీతల్ని తనకు తెలిసిన బొమ్మల నుంచి తెచ్చి అతికించడమే అది చేసే పని. మొహం దగ్గర అది అందంగానే ఉంటుంది. బిళ్ళ, అక్షరం, రిబ్బన్ దగ్గర మాత్రం అబద్ధం చెప్తుంది. ఒక పెద్దాయన భుజం మీది అక్షరాలు అలా మారిపోయి, ఇంట్లోవాళ్ళు రెండేళ్ళు వేరే యూనిట్ గురించి వెతికారు.

రెండోది, పటం నుంచి ఫోటోను లాగొద్దు. ఎన్నో ఏళ్ళు గాజుకు ఆనుకుని ఉన్న ఫోటో మన ఉక్కకు, వానకు గాజుకే అంటుకుంటుంది. పటాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని చూడండి. అంటుకున్న చోట తడిసినట్టు ముదురుగా మెరుస్తుంది. అలా ఉంటే గాజుతో కలిపే స్కాన్ చేయాలి. లాగితే బొమ్మ గాజు మీద, కాగితం మీ చేతిలో మిగులుతాయి.

సిందూరం గాజు బయట ఉంది కాబట్టి భయం లేదు. పటాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి, దూదికి నాలుగు చుక్కల స్పిరిట్ అద్ది, పిండేసి, మధ్య నుంచి మెల్లగా తుడవండి. నేరుగా పోశారంటే అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. తర్వాత 1200 డీపీఐలో, నలుపు తెలుపు ఫోటో అయినా సరే కలర్ మోడ్‌లో స్కాన్ చేయండి. మరక ఏదో, బొమ్మ ఏదో రంగులోనే విడిపడతాయి.

ఇంకొకటి. ఆ రోజుల్లో స్టూడియోల్లో ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లు చాలా వాడేవాళ్ళు. వాటికి ఎరుపు కనిపించదు. ఎర్రటి గుడ్డ ఫోటోలో నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. అందుకని భుజం కింద చదరాన్ని నలుపు అని అప్పుడే రాసుకోవద్దు. నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేసిన ఫోటోలు కూడా చూశాను. మీది అలా లేదు. రిబ్బన్లు ఎడమ ఛాతీ మీదే ఉన్నాయి, టోపీ కుడివైపే వాలింది.

గుడిపాల టీచర్:

స్టూడియో అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. ఫోటో కింది సగం గాజుకు అంటుకుంది, తల దగ్గర అంటుకోలేదు. అయినా విప్పలేదు. సిందూరం తుడవడానికి నాయనను అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ చేతి బొట్టు. ఆ దూదిని పారేయొద్దు, తులసి కోటలో వేయి" అన్నాడు. అలాగే చేశాను. చిత్తూరులో మా స్టూడెంట్ ఒకడి షాపులో స్కాన్ తీయించాను.

ఇప్పుడు కనిపించేవి రాస్తాను. బిళ్ళ పైభాగంలో కిరీటం ఉంది. దాని కింద గుడ్డు ఆకారంలో పట్టీ, లోపల మనిషి. ఆంజనేయుడికి ఉండాల్సిన తోక లేదు. ఒక చెయ్యి పైకి ఉంది. ఇంకో చేతిలో పొట్టి కర్ర, దాని చుట్టూ మెలికలు. ఒంటికాలి మీద నిలబడ్డాడు, కాలి కింద గుండ్రంగా బంతి లాంటిది. తల మీద రెండు పక్కలా చిన్న రెక్కలు ఉన్నట్టున్నాయి. భుజం కింద చదరం మధ్యలో గుండ్రటి భాగం ఒకటి ఉంది. రంగులో తేడా లేదు, నేత మాత్రం వేరేగా కనిపిస్తోంది.

మెలికలు ఉన్నాయి కాబట్టి మెడికలేనా?

పలమనేరు సిగ్నల్‌మన్:

చెల్లెమ్మా, రెండు రోజులుగా ఈ పోస్టు చూస్తూ ఉన్నాను. స్కాన్ వచ్చేదాకా నోరు తెరవకూడదని ఆగాను. ఇప్పుడు ధైర్యంగా చెప్తున్నాను. అది మెడికల్ కాదు. మీ తాత ఇండియన్ సిగ్నల్ కోర్ మనిషి, అంటే సైన్యంలో వైర్‌లెస్, ఫోన్ లైన్లతో కబుర్లు అందించే దళం. నేనూ అదే కోర్‌లో 24 ఏళ్ళు చేసి హవల్దారుగా రిటైర్ అయ్యాను. ఆ బొమ్మను నా టోపీ మీద రోజూ బ్రాస్సోతో తోమి పెట్టుకున్నవాణ్ణి.

పాము లెక్క ముందు చెప్తాను, చాలామంది ఇక్కడే పొరపడతారు. వైద్యుల కర్రకు ఒకటే పాము, దానికి రెక్కలు ఉండవు. రెండు పాములు చుట్టుకుంటే అది రోమన్ల దేవుడు మెర్క్యురీ చేతి కర్ర. ఆయన దేవతల మధ్య కబురు మోసేవాడు. టోపీకి రెక్కలు, మడమలకు రెక్కలు. కింద ఉన్న బంతి భూగోళం. ఫ్లోరెన్సులో జాంబొలోన్యా అనే శిల్పి 16వ శతాబ్దంలో చేసిన విగ్రహం నుంచి ఈ రూపం తీసుకున్నారు. మేము ఆయన్ను జిమ్మీ అంటాం. ఆ శిల్పి పేరే నలిగి జిమ్మీ అయిందని కొందరు, అదే పేరున్న ఒక బాక్సర్ వల్ల వచ్చిందని కొందరు చెప్తారు. బ్రిటిష్ సిగ్నల్స్ వాళ్ళదీ ఇదే బొమ్మ. కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చినా మన కోర్ జిమ్మీని వదులుకోలేదు.

మీ అవ్వ పూర్తిగా పొరబడింది అని నేను అనను. ట్రైనింగ్‌లో ఉస్తాద్ మొదటిసారి ఈ బొమ్మ చూపించినప్పుడు మా స్క్వాడ్‌లో సగంమంది హనుమంతుడే అనుకున్నాం. సముద్రం దాటి కబురు తెచ్చిన దేవుడు మనకు ఆయనే కదా.

మా కోర్ పుట్టింది 1911 ఫిబ్రవరి 15న. అప్పటిదాకా ఈ పని సాపర్స్ చేసేవాళ్ళు. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది అదే ఏడాది ఏప్రిల్ 1న. చిన్న విషయమే, నాకు మాత్రం ఎప్పుడు తలుచుకున్నా బాగుంటుంది.

రెండు పట్టీలంటే నాయక్. మూడైతే హవల్దార్, ఒకటైతే లాన్స్ నాయక్. సిగ్నల్స్‌లో నాయక్ అంటే వైర్‌లెస్ ఆపరేటర్ కావచ్చు, అడవిలో కేబుల్ పరిచే లైన్‌మన్ కావచ్చు, మోటార్‌సైకిల్ మీద ఉత్తరాలు మోసే డిస్పాచ్ రైడర్ కావచ్చు. అడ్డంగా పెట్టిన రెండు జెండాల గుర్తు చేతి మీద ఎక్కడైనా ఉందేమో చూడండి. ఇలాంటి ఫోటోలు ఉన్న మిగతావాళ్ళకు కూడా చెప్తున్నాను, ఆ జెండాల గుర్తు ఒక్కటే చూసి సిగ్నల్ కోర్ అని రాసేయకండి. పదాతి దళంలో, ఫిరంగుల దళంలో సిగ్నల్ పని నేర్చినవాళ్ళకు కూడా అది ఇచ్చేవాళ్ళు. చేతి మీది గుర్తు పనిని చెప్తుంది. యూనిట్‌ను చెప్పేది టోపీ బిళ్ళ.

పేరు వెతకాలంటే సిగ్నల్స్ రికార్డ్స్ ఆఫీసు జబల్‌పూర్‌లో ఉంది. ఆర్మీ నంబరు ఉంటే పని తేలిక. లేకపోతే తాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఏ ఏళ్ళలో పనిచేశాడో అన్నీ రాయండి. జిల్లా దగ్గర చిత్తూరు, మద్రాసు ప్రెసిడెన్సీ అని రాయండి, అప్పటి కాగితాల్లో అలాగే ఉంటుంది. పేరుకు ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు రావచ్చో అన్నీ ఇవ్వండి. రాసుకున్న గుమాస్తా పంజాబీ అయితే మన ఊళ్ళ పేర్లు గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే మంచిది. ఇంట్లో కంచం, మగ్గు లాంటి మిలిటరీ సామాను ఏదైనా మిగిలిందా? వెనక తిప్పి చూడండి, చాలామంది వాటి మీద నంబరు గీసుకునేవాళ్ళు.

పాత పతకాలు:

సిగ్నల్‌మన్ గారు బిళ్ళ సంగతి తేల్చేశారు. నేను రిబ్బన్లు, తేదీ గురించి చెప్తాను. స్కాన్ పెద్దది చేసి చాలాసేపు చూశాను.

మొదటి రిబ్బన్‌లో మూడు సమానమైన పట్టీలు, మధ్యది బాగా నలుపు. స్టూడియో ఆయన చెప్పిన ప్లేటు లెక్క వేసుకుంటే ఆ నలుపు ఎరుపే. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం కలిస్తే 1939-45 స్టార్ అనే యుద్ధ పతకం. రెండోదాంట్లో మధ్యన వెడల్పైన నలుపు, అటూ ఇటూ లేత రంగు, ఆ లేత రంగు మధ్యలో మళ్ళీ సన్నటి గీత. నీలం మధ్యలో నారింజ గీత, నడుమ ఎరుపు, అంటే బర్మా స్టార్. ఆ పతకాన్ని ప్రకటించిందే 1945 మే నెలలో. కాబట్టి ఫోటో అంతకు ముందుది కాదు. బిళ్ళ మీద కిరీటం ఉంది కాబట్టి 1950కి తర్వాతిదీ కాదు.

చదరం మధ్యలో గుండ్రటి భాగం అన్నారు చూడండి, నన్ను కూర్చోనివ్వలేదు ఆ మాట. నల్ల గుడ్డ మీద ఎర్ర గుండ్రం 5వ ఇండియన్ డివిజన్ గుర్తు, నిప్పు బంతి అనేవాళ్ళు. ఎరుపును చూడలేని ప్లేటు మీద ఆ గుండ్రం నలుపులో కలిసిపోతుంది, నేత తేడా ఒక్కటే మిగులుతుంది. మీ ఫోటోలో ఉన్నది అచ్చంగా అదే. ఈ డివిజన్ ముందు ఆఫ్రికాలో పోరాడింది. మీ తాతకు ఆఫ్రికా స్టార్ రిబ్బన్ లేదు, అంటే ఆ తర్వాతే వచ్చి చేరినట్టు. 1944 మార్చిలో బర్మా పడమటి తీరంలోని అరకాన్ నుంచి ఆ డివిజన్‌ను విమానాల్లో ఇంఫాల్ వైపు తరలించారు, ఒక బ్రిగేడ్ కోహిమా వైపు పోయింది. 1945లో మాండలే నుంచి రంగూన్‌కు పోయే దారి వెంట దక్షిణానికి దిగారు. యుద్ధం ముగిశాక సింగపూర్, అక్కడి నుంచి జావాలో సురబయ. ఈ చోట్ల గురించి ఇంట్లో ఎవరైనా ఏ చిన్న మాట విన్నా రాయండి.

గుడిపాల టీచర్:

అన్నలిద్దరికీ, స్టూడియో అన్నకూ, కొర్లగుంట తమ్ముడికీ మా ఇంటిల్లిపాదీ దండాలు. ఇవన్నీ నాయనకు చదివి వినిపించాను. బిళ్ళ గురించి విన్నాక మాట్లాడలేదు. వైర్‌లెస్ అనే మాట దగ్గర మాత్రం నన్ను ఆపాడు.

తాతకు ఒక అలవాటు ఉండేదంట. రాత్రి భోజనం అయ్యాక నులక మంచం మీద పడుకుని, మంచం పట్టె మీద వేళ్ళతో కొట్టేవాడంట. ఒక్కోసారి కంచు చెంబు మీద కూడా. టిక్కు, టిక్కు, టిక్కు, తర్వాత ఒక పొడుగు దెబ్బ. కాసేపు ఆగి మళ్ళీ అదే. ఇంట్లోవాళ్ళు దాన్ని వణుకు జబ్బు అనుకున్నారు. వేలూరు ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళి చూపించారంట. చెయ్యి బాగానే ఉందని పంపేశారు. నాయన నా ఎదురుగా కుర్చీ చెయ్యి మీద కొట్టి చూపించాడు. అయిదారు సార్లు. ఎప్పుడు కొట్టినా మూడు పొట్టివి, ఒక పొడుగుది. 55 ఏళ్ళ కిందట విన్నది ఇంకా మర్చిపోలేదు.

చెంబు ఇంట్లోనే ఉంది, మిలిటరీది కాదు. మిలిటరీ కంచం మేనత్త ఇంట్లో ఉందేమో, ఆదివారం పోయి చూస్తాను. సింగపూర్ గురించి అవ్వ ఒక మాట అనేదంట, "మీ నాయన సింగపూరు నుంచి నాకు దువ్వెన తెచ్చినాడు" అని. మేమంతా ఏదో అంగట్లో కొన్నాడనుకున్నాం.

సిగ్నల్‌మన్ అన్నా, ఆ మూడు పొట్టివి, ఒక పొడుగుది ఏమిటో మీకు తెలుసా?

పలమనేరు సిగ్నల్‌మన్:

తెలుసు చెల్లెమ్మా. పొట్టి, పొడుగు దెబ్బలతో అక్షరాలు పంపే మోర్స్ కోడ్‌లో మూడు పొట్టివి, ఒక పొడుగుది అంటే ఇంగ్లీషు వి (V) అనే అక్షరం. కబురు మొదలుపెట్టే ముందు సెట్టు పనిచేస్తోందా, అవతలివాడికి అందుతోందా అని చూసుకోవడానికి ఆపరేటర్ ఆ అక్షరాన్నే మళ్ళీ మళ్ళీ కొడతాడు. అసలు కబురు ఆ తర్వాత. మీ తాత లైన్‌మన్ కాదు, డిస్పాచ్ రైడర్ కాదు, మోర్స్ కొట్టే మీట (కీ) దగ్గర కూర్చున్న మనిషి. నాయనను ఒకసారి నాకు ఫోన్ చేయమనండి, నేను ఇటు నుంచి కొట్టి వినిపిస్తాను. అదేనో కాదో ఆయనే చెప్తారు.

గుడిపాల టీచర్:

అన్నా, ఫోన్‌లో మీరు కొట్టింది అదేనంట. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు.

కంచం దొరికింది. వెనక గీతల్లో ఆరు అంకెలు స్పష్టంగా ఉన్నాయి, ముందు ఒక ఇంగ్లీషు అక్షరం ఉన్నట్టుంది. స్టూడియో అన్న చెప్పినట్టు ఏటవాలు వెలుతురులో ఫోటో తీసి, సోమవారం సైనిక సంక్షేమ కార్యాలయానికి అర్జీ తీసుకుపోతున్నాను. జబల్‌పూర్ నుంచి జవాబు వచ్చాక ఇక్కడే రాస్తాను.

పటాన్ని మళ్ళీ గోడకు తగిలించాం. నాయన శనివారం తలస్నానం చేసి వచ్చి సిందూరం గిన్నె నా చేతికిచ్చాడు. "బొట్టు మానొద్దు. ఈసారి పటం మూలన పెట్టు, బిళ్ళ కనపడాల" అన్నాడు.